పాత గనుల నేల మీద గ్రావెల్ సైకిల్: విశాఖ నుంచి ఏ దారి ఎంచుకోవాలి?

విశాఖపట్నంలో గ్రావెల్ సైకిల్, అంటే మట్టి, కంకర దారుల కోసం చేసిన సైకిల్, కొన్నవారు సాధారణంగా భీమిలి వైపు మట్టి బాటలతో మొదలుపెట్టి, కాళ్ళు కుదిరాక అనంతగిరి ఘాట్ ఎక్కి, ఆ రెండూ అలవాటయ్యాక ఇంకేదైనా కొత్త నేల ఉందా అని వెతుకుతారు. ఆ వెతుకులాటలో చాలామంది దృష్టికి రానివి పాత గనుల ప్రాంతాలు. తవ్వకం ఆగిపోయి, యంత్రాలు తరలిపోయి, గుంతల్లో నీరు నిలిచి, మట్టి దిబ్బల మీద పొదలూ చెట్లూ అల్లుకున్న చోట్లు ఈ రకం సైకిల్‌కు బాగా అనువుగా ఉంటాయి. ఖనిజం మోయడానికి వేసిన దారులు ఎడ్లబండికో, లారీకో, చిన్న రైలుకో పనికివచ్చేలా తగినంత వెడల్పుతో, నిటారు ఎక్కుడు లేకుండా ఉంటాయి. గని మూతపడ్డాక వాటి మీద తారు పోయాల్సిన అవసరం ఎవరికీ కలగదు.

ఇక్కడ నాలుగు ప్రాంతాలను పక్కపక్కన పెట్టి చూస్తున్నాను. మొదటిది మన పొరుగునే ఉన్న విజయనగరం జిల్లా మాంగనీసు నేల, అంటే గరివిడి, కోడూరు, గర్భాం పరిసరాలు. మిగిలిన మూడూ విదేశాల్లోవి: జర్మనీ తూర్పున లౌజిట్స్ లిగ్నైట్ (గోధుమ రంగు బొగ్గు) ప్రాంతం, అదే దేశంలో పడమటనున్న రూర్ బొగ్గు ప్రాంతం, ఇంగ్లండు నైరుతి కొసన కార్న్‌వాల్ రాగి, తగరం గనుల ప్రాంతం. నా తీర్పు ముందే చెబుతున్నాను. ఇలాంటి నేల మీద ఇదివరకు తొక్కనివారు గరివిడితోనే మొదలుపెట్టాలి. జీవితంలో ఒక్కసారి విదేశం వెళ్ళి తొక్కాలనుకునేవారికి లౌజిట్స్ మిగిలిన రెండింటికంటే మేలు. కుటుంబంతో వెళ్ళేవారికి, దారి తప్పుతామన్న బెరుకు ఉన్నవారికి రూర్ సరిపోతుంది. కార్న్‌వాల్ చిన్నది, అందమైనది, కానీ దానికోసమే వీసా తీసుకుని అంత దూరం వెళ్ళడం నాకు సబబుగా తోచదు. లండన్‌లోనో మాంచెస్టర్‌లోనో కొడుకో కూతురో ఉండి, ఎలాగూ వెళ్తున్నవారైతే రెండు రోజులు కేటాయించవచ్చు.

నేల ముందు, సైకిల్ తరువాత

ఈ ఎంపికలో అందరూ మొదట అడిగేది ఏ సైకిల్, ఏ టైరు అని. నా దృష్టిలో అడగవలసిన మొదటి ప్రశ్న వేరు: మనం తొక్కబోయే నేల సహజంగా ఏర్పడినదా, లేక తవ్వి మళ్ళీ పోసినదా? పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి, రెండింటి మీదా గడ్డి పెరుగుతుంది, కానీ పోసిన మట్టి ప్రవర్తన వేరు. లిగ్నైట్ గనుల్లో బొగ్గు పైనున్న ఇసుకను పదుల మీటర్ల లోతున తవ్వి వెనుక వైపు వదులుగా పోస్తూ పోతారు. గని నడిచినంతకాలం నీటిని తోడేస్తూ ఉంటారు కనుక ఆ ఇసుక పొడిగా నిలబడుతుంది. తోడడం ఆపాక భూగర్భజలం పైకి వచ్చి ఇసుక రేణువుల మధ్య చేరితే, చిన్న కుదుపుకే ఆ నేల ద్రవంలా పారుతుంది. 2009 జులైలో జర్మనీలోని నాఖ్‌టర్‌ష్టెట్‌లో పాత గని గుంతలో ఏర్పడిన సరస్సు గట్టు ఇళ్ళతో సహా జారిపోయి ముగ్గురు చనిపోయారు. అది లౌజిట్స్‌లో కాదు, మరో లిగ్నైట్ ప్రాంతంలో జరిగింది. కానీ మరుసటి ఏడాది అక్టోబరులో లౌజిట్స్‌లోనే ష్ప్రేటాల్ దగ్గర విశాలమైన నేల ఒక్కసారిగా కుంగిపోయింది. అప్పటినుంచి ఆ ప్రాంతంలో పెద్ద పెద్ద అడవులకే రాకపోకలు నిషేధించారు.

గరివిడి వైపు సమస్య ఇది కాదు. ఇక్కడి గుంతల గోడలు చాలాచోట్ల శిథిలమైన ఖొండలైటు అనే శిల, దాని నుంచి తయారైన రంగురంగుల బంకమన్ను. వానాకాలంలో గట్టు కింది భాగం కోసుకుపోయి పై అంచు చూరులా మిగులుతుంది. అంచు దాకా వెళ్ళి ఫొటో తీసుకోవాలనిపించే చోటే అత్యంత బలహీనమైన చోటు. కార్న్‌వాల్‌లో ప్రమాదం నిలువు బావుల్లా తవ్విన షాఫ్టులది, విషమైన ఆర్సెనిక్ ఉన్న మట్టిది. నాలుగింటిలో నేల గురించి తక్కువ ఆలోచించవలసినది రూర్‌లోనే.

దీనితో పాటు అడగవలసిన రెండో ప్రశ్న, ఆ నేలకు బాధ్యులు ఎవరు అని. లౌజిట్స్‌లో మూతపడిన గనుల పునరుద్ధరణకు ఎల్‌ఎమ్‌బీవీ అనే ప్రభుత్వ సంస్థ ఉంది. ఎక్కడ నేల గట్టిపడిందో, ఎక్కడ లేదో అది తేల్చి బోర్డులు పెడుతుంది. గరివిడి పరిసరాల్లో మనకు కంచె గానీ బోర్డు గానీ కనబడుతుందన్న భరోసా లేదు, కాబట్టి జాగ్రత్త మొత్తం మనదే.

గరివిడి, కోడూరు, గర్భాం

మన దేశంలో మాంగనీసు తవ్వకం మొదలైంది ఈ కోడూరులోనే, 1892లో. పదిహేడేళ్ళ తరువాత దేశంలోని మాంగనీసు నిక్షేపాల మీద బృహత్తర గ్రంథం వెలువరించిన భూవిజ్ఞాని ఎల్. ఎల్. ఫెర్మర్ ఇక్కడి శిలకు ఈ ఊరి పేరుతోనే కోడురైట్ అని పేరు పెట్టాడు. విశాఖ రేవుకూ ఈ ఖనిజంతో చుట్టరికం ఉంది: మధ్య పరగణాల (బ్రిటిషు కాలపు సెంట్రల్ ప్రావిన్సెస్) మాంగనీసును సముద్రానికి చేర్చడమే ప్రధానంగా 1933లో ఆ రేవును తెరిచారు. విశాఖవాసికి ఈ యాత్ర తన ఊరి రేవు ఎందుకు పుట్టిందో ఆ వైపు నుంచి తెలుసుకోవడం కూడా అవుతుంది.

రైలులో విశాఖ నుంచి విజయనగరం 61 కిలోమీటర్లు. గరివిడికీ చీపురుపల్లికీ స్టేషన్లు ఉన్నాయి కానీ, లగేజీగా బుక్ చేసిన సైకిల్‌ను చిన్న స్టేషన్‌లో రెండు నిమిషాల ఆగుదలలో దించుకోవడం కష్టం. విజయనగరంలో దిగి అక్కడినుంచి తొక్కడమే సుఖం. నెల్లిమర్ల దగ్గర చంపావతిని దాటి, కాస్త చుట్టుదారి అయినా రామతీర్థం కొండల వైపు వెళ్ళి, గుర్ల మీదుగా గరివిడి చేరవచ్చు. నేరుగా వెళ్తే ఇది సుమారు 25 కిలోమీటర్లు. ఈ భాగం ఎక్కువగా తారు రోడ్డే. గరివిడి దాటి మెరకముడిదాం మండలంలోని గర్భాం వైపు మళ్ళాక ఎర్రమట్టి బండి బాటలు, జీడిమామిడి తోటలు, తాటిచెట్ల వరుసలు మొదలవుతాయి.

పాత గని దగ్గరికి వచ్చామని మ్యాపు చూడకుండానే తెలుస్తుంది. ఎర్రటి బాట మీద అక్కడక్కడ నల్లని చారలు కనిపిస్తాయి. ఒక నల్ల రాయి ముక్కను తీసి అరచేతిలో పెట్టుకుంటే చూపుకు తోచినదానికంటే బరువుగా ఉంటుంది. మెత్తని రకమైతే వేళ్ళకు పెనం మసి అంటినట్టు నలుపు అంటుకుని తొందరగా వదలదు. దిబ్బల మీద ఇప్పుడు సర్కారు తుమ్మ, లాంటానా, రేగు పొదలు అల్లుకున్నాయి. అడవి తిరిగి వచ్చిందని దీన్ని చూసి మురిసిపోవడానికి నేను సిద్ధంగా లేను. ఇందులో చాలా భాగం ఎక్కడినుంచో వచ్చి పాతుకుపోయిన మొక్కలే; ఈ నేలకు సొంతమైన చెట్లు దిబ్బలకు దూరంగా, గెడ్డల (వాగుల) ఒడ్డున ఎక్కువ కనిపిస్తాయి. అయితే నీరు నిలిచిన గుంతల మీద లకుముకి పిట్టలు, కొంగలు చేరిన వేకువజామున ఈ సందేహాలన్నీ పక్కన పెట్టాలనిపిస్తుంది.

ఇక్కడ గుర్తుంచుకోవలసింది, అన్ని గనులూ మూతపడలేదు. కొన్ని లీజుల్లో తవ్వకం ఇప్పటికీ సాగుతోంది, లారీలు తిరుగుతుంటాయి. తాజా టైరు గుర్తులు, తడిపిన దుమ్ము, కాపలా గుడిసె కనిపిస్తే వెనక్కి తిరగాలి. దారి గురించి ఫోనులోని మ్యాపుకంటే పశువులు కాసే పెద్దవారి మాట నమ్మదగినది. "తాతా, ఈ బాట అవతలికి తేలతాదా?" అని అడిగితే, "తేలతాది బాబూ, గానీ గెడ్డలో నీళ్ళున్నాయి" అన్నంత కచ్చితమైన సమాచారం ఏ యాప్‌లోనూ దొరకదు. గుంతల్లో ఈతకు మాత్రం దిగవద్దు. ఒడ్డు నుంచి రెండు అడుగులు వేస్తే మూడో అడుగుకు నేల ఉండదు, గోడ బంకమన్ను కనుక పట్టుకుని పైకి రావడం కుదరదు.

లౌజిట్స్

బెర్లిన్‌కూ డ్రెస్డెన్‌కూ మధ్యనున్న ఈ ప్రాంతంలో 1990లో జర్మనీ ఏకమైన తరువాత చాలా లిగ్నైట్ గనులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. గుంతలను నీటితో నింపడం మాత్రం అంతకుముందే మొదలైంది. జెన్‌ఫ్‌టెన్‌బెర్గ్ సరస్సును 1967 నుంచి నింపి, 1970ల మొదట్లో స్నానాలకు తెరిచారు. ఇప్పుడు అక్కడ ఇలాంటి సరస్సులు ఇరవైకి పైగా ఉన్నాయి. మనుషులు తయారు చేసిన సరస్సుల ప్రాంతాల్లో ఐరోపాలో ఇదే పెద్దది.

సైకిల్ మీద వెళ్ళేవారికి సరస్సులను కలిపే 186 కిలోమీటర్ల వలయ మార్గం ఒకటి, గనుల చరిత్రను చుట్టివచ్చే సుమారు 500 కిలోమీటర్ల మార్గం మరొకటి ఉన్నాయి. ఇక్కడే ఒక హెచ్చరిక. సరస్సుల ఒడ్డు వెంబడి దారుల్లో చాలా భాగం నున్నని తారు, స్కేటింగ్ చేసేవారు సైతం ఇష్టపడేంత నున్నన. గ్రావెల్ కోసం వెళ్ళినవారు ఆ ఒడ్డులకే పరిమితమైతే నిరాశపడతారు. సరస్సుకూ సరస్సుకూ మధ్య పైన్ అడవుల్లోని ఇసుక బాటలు, కంకర దారులు కలుపుకుని సొంత మార్గం గీసుకోవాలి. ఆ ఇసుక మన భీమిలి తీరపు ఇసుకలా మెత్తన. సన్నని టైరు అందులో కూరుకుపోయి సైకిల్ నిలిచిపోతుంది, దిగి నడవక తప్పదు.

ఈ శ్రమకు తగిన ఫలం ఉంది. లిష్టర్‌ఫెల్డ్‌లో ఎఫ్60 అనే ఇనుప వంతెన యంత్రం ఉంది. 502 మీటర్ల పొడవున్న ఆ యంత్రం బొగ్గు మీది మట్టిని గని అవతలికి మోసేది. ఏడాది పైచిలుకు మాత్రమే పనిచేసి 1992లో ఆగిపోయింది, ఇప్పుడు దాని మీద సందర్శకులు నడుస్తున్నారు. జెడ్లిట్స్ దగ్గర తుప్పు రంగు ఇనుముతో కట్టిన 30 మీటర్ల చూపు గోపురం ఎక్కితే సరస్సులు, వాటిని కలిపే కాలువలు ఒకేసారి కనిపిస్తాయి. వానిన్‌ఖెన్ అనే ఊరు గనిలో కలిసిపోయింది. ఆ పేరుతోనే ఇప్పుడు అక్కడ ప్రకృతి సంరక్షణ క్షేత్రం ఉంది, శరదృతువులో వలస వెళ్ళే కొంగజాతి క్రేన్ పక్షులు వేల సంఖ్యలో అక్కడ దిగుతాయి. జర్మనీలో నశించిపోయిన తోడేళ్ళు తిరిగి వచ్చి 2000లో మొదటిసారి పిల్లలను పెట్టింది కూడా లౌజిట్స్‌లోని మిలిటరీ శిక్షణ మైదానంలోనే.

నీటి విషయంలో ఇంకొక మాట. తవ్విన మట్టిలోని పైరైట్ (ఇనుము, గంధకం ఉన్న ఖనిజం) గాలి తగిలి ఆమ్లంగా మారడం వల్ల కొన్ని సరస్సుల నీరు బాగా పులుపెక్కింది. దాన్ని సరిచేయడానికి పడవల మీదినుంచి సున్నం చల్లుతున్నారు. అదే కారణంతో ష్ప్రే నదిలో కొంత భాగం ఇనుము తుప్పు రంగులో పారుతోంది. చూడటానికి నీలంగా మెరిసే సరస్సులో చేపలు లేకపోవచ్చు. ప్రకృతి గెలిచిందన్న కథ వినడానికి వెళ్ళేవారికి ఇది ఇబ్బందిగా అనిపించవచ్చు. నాకు మాత్రం లౌజిట్స్‌ను మిగిలిన వాటికంటే మీద నిలిపేది ఇదే. అక్కడ పని ఇంకా నడుస్తోంది, దాన్ని దాచిపెట్టరు.

పసుపు బోర్డు మీద ప్రాణాపాయం అని రాసి ఉన్నచోట దారి ఎంత చక్కగా కనిపించినా లోపలికి పోకూడదు. దశాబ్దాలుగా జనం ఈదుతున్న జెన్‌ఫ్‌టెన్‌బెర్గ్ సరస్సులో కూడా 2018లో దీవి ఒడ్డు జారింది.

రూర్, కార్న్‌వాల్

రూర్ గురించి క్లుప్తంగా చెప్పినా చాలు, ఎందుకంటే అక్కడ ఎంపికలో తికమక లేదు. జర్మనీలో చివరి నల్లబొగ్గు గని 2018 డిసెంబరులో బోట్రోప్‌లో మూతపడింది. పాత గని రైలు కట్టలను చదునుచేసి, మెత్తని కంకర పరిచి సైకిల్ దారులుగా మార్చారు. బోఖుమ్ నుంచి ఉత్తరంగా పోయే ఖనిజ రైలు కట్ట వాటిలో మంచిది. ఎస్సెన్‌లోని జోల్‌ఫెరైన్ గని 2001 నుంచి యునెస్కో వారసత్వ స్థలం. డ్యూస్‌బుర్గ్‌లో 1985లో ఆగిన ఇనుప కర్మాగారం ఇప్పుడు పార్కు, కొలిమి గోడల మీద బిర్చ్ చెట్లు మొలిచాయి. గని మట్టితో పేర్చిన కొండలు ఎక్కి దిగడం బాగుంటుంది. కూడళ్ళకు అంకెలు వేసి ఉంటాయి కనుక అంకెల వరుస కాగితం మీద రాసుకుంటే చాలు. ఆ అంకెల పద్ధతి పుట్టింది పక్కనున్న బెల్జియంలోని లింబుర్గ్‌లో, అదీ ఒక గని ఇంజనీరు బుర్రలో. ఒకరోజు మిగిలితే అక్కడి హోగె కెంపెన్ జాతీయ ఉద్యానం కూడా చూడవచ్చు. ఇక్కడ లోటు ఒక్కటే, నగరం ఎప్పుడూ కనుచూపు మేరలోనే ఉంటుంది.

కార్న్‌వాల్‌లో పోర్ట్‌రీత్ నుంచి డెవొరాన్ వరకు, ఒక తీరం నుంచి మరో తీరానికి, పాత ట్రామ్ దారి వెంబడి సుమారు 18 కిలోమీటర్ల బాట ఉంది. ఆ ట్రామ్ దారి పని 1809లో మొదలైంది, గుర్రాలు లాగేవి. మధ్యలోని పోల్డైస్ లోయలో నేల నారింజ, పసుపు, బూడిద రంగుల్లో బోసిగా ఉంటుంది. రెండు శతాబ్దాల కిందటి గని వ్యర్థంలో ఆర్సెనిక్, రాగి మిగిలి ఉండటం వల్ల హెదర్ పొదలు తప్ప మరేవీ సులువుగా పెరగవు. దుమ్ము లేచే రోజున అక్కడ ఆగి తినకూడదు, చేతులు కడుక్కున్నాకే తినాలి. మనలాగే రోడ్డుకు ఎడమవైపు నడిచే దేశం కావడం మాత్రం విశాఖ నుంచి వెళ్ళినవారికి పెద్ద ఊరట; జర్మనీలో ప్రతి కూడలి దగ్గరా మొదటి రెండు రోజులు మనసు ఎదురు తిరుగుతుంది.

సైకిల్, టైరు, కాలం

నాలుగు చోట్లకూ ఒకే సైకిల్ కావాలంటే 45 మిల్లీమీటర్ల వెడల్పు టైరు పట్టే గ్రావెల్ సైకిల్ కొనండి. రూర్‌కు 38 చాలు, లౌజిట్స్ ఇసుకకు 50 ఉన్నా ఎక్కువ కాదు. గరివిడికి టైరు వెడల్పుకంటే ట్యూబ్‌లెస్ కావడం ముఖ్యం. సర్కారు తుమ్మ ముల్లు బాట మీద ఎండిపోయి, దుమ్ములో కలిసి కనిపించదు. టైరులో సూటిగా దిగి కొన విరిగి లోపల ఉండిపోతుంది. ట్యూబు వాడుతుంటే, దాన్ని మార్చేటప్పుడు వేలితో టైరు లోపలంతా తడిమి ఆ కొనను తీయకపోతే కొత్త ట్యూబు కూడా పదినిమిషాల్లో పోతుంది. ట్యూబ్‌లెస్ టైరులో రంధ్రాలు మూయడానికి పోసే ద్రవం, సీలెంట్, మన ఎండకు త్వరగా ఎండుతుంది కనుక రెండు మూడు నెలలకోసారి చూసి నింపుకోవాలి. ఫోర్కుకూ (ముందు చక్రాన్ని పట్టి ఉంచే కవకూ) టైరుకూ మధ్య ఖాళీ ఎక్కువ ఉన్న సైకిల్‌నే ఎంచుకోండి. వాన తరువాతి బంకమన్ను ఆ సందులో పట్టి చక్రాన్ని తిరగనివ్వదు.

ఇంట్లో ఇప్పటికే హార్డ్‌టెయిల్ (ముందు మాత్రమే సస్పెన్షన్ ఉన్న) మౌంటెన్ బైక్ ఉన్నవారు గరివిడి కోసం కొత్తది కొనవలసిన అవసరం లేదు. హైబ్రిడ్ సైకిల్ ఉన్నవారు టైర్లు మార్చితే రూర్ దాకా నిశ్చింతగా తొక్కవచ్చు, కార్న్‌వాల్ దిగుళ్ళలో మాత్రం చేతులు నొప్పెడతాయి. విదేశానికి సైకిల్ తీసుకెళ్ళడమా, అక్కడే అద్దెకు తీసుకోవడమా అన్నది రోజుల మీద ఆధారపడుతుంది. వారం లోపు యాత్రకు అద్దె మేలు. విశాఖ నుంచి కనీసం ఒక విమానం మారాలి, పెట్టె ఎక్కడ ఎలా విసురుతారో మనకు తెలియదు. తీసుకెళ్తే గాలి నింపే గ్యాస్ గొట్టాలు విమానంలో ఇబ్బంది పెడతాయి, చేతి పంపు పెట్టుకోండి. లౌజిట్స్ వెళ్ళేవారు బెర్లిన్‌లోనో డ్రెస్డెన్‌లోనో అద్దెకు తీసుకుని ప్రాంతీయ రైలులో వెళ్ళాలి. చిన్న ఊళ్ళలో దొరికేవి ఎక్కువగా నిటారుగా కూర్చుని తొక్కే మామూలు సైకిళ్ళు.

కాలం విషయంలో గరివిడికి డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి నెలలే ఎంచుకోండి. అక్టోబరు, నవంబరుల్లో తుపాను పడితే గట్లు నాని ఉంటాయి, వాన ఆగిన రెండు వారాల దాకా గుంతల వైపు వెళ్ళకపోవడమే మంచిది. ఏప్రిల్ నుంచి ఎండ తొమ్మిది గంటలకే బాటను ఖాళీ చేయిస్తుంది. లౌజిట్స్‌కు మే నుంచి సెప్టెంబరు వరకు బాగుంటుంది. క్రేన్ పక్షుల కోసమైతే సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో వెళ్ళాలి, చలికి రెండు పొరల బట్టలు ఉండాలి. పిల్లల వేసవి సెలవుల్లో తప్ప కదలలేని కుటుంబాలకు, మే నెలలో రూర్ సరైనది. ఆ నెలలో అక్కడ రాత్రి తొమ్మిది దాకా వెలుతురు ఉంటుంది కనుక, సాయంత్రం భోజనం చేసి మరో గంట తొక్కవచ్చు.